మా ఆయన విన్న ఆఖరి బండి

మా ఊళ్ళో నన్ను గయ్యాళి అంటారు. నా ముందు అనరు, వెనకాల అంటారు. నా చెవులు బాగానే పనిచేస్తాయి కాబట్టి ఆ సంగతి నాకు తెలుసు. మైపాడు రోడ్డు మీద మా షెడ్డు ముందు నుంచి పోయేవాళ్ళలో, నేను మా ఆయన మీద అరవడం విననివాళ్ళు ఉండరు. "బ్రేకులు చూడమంటా ఉండాడయ్యా, బ్రేకులు. హారను కాదు" అని కుట్టు మిషను దగ్గర నుంచే నేను కేక వేస్తే, బండి తెచ్చిన మనిషి మా ఆయన వంక జాలిగా చూసేవాడు. ఇలాంటి పెళ్ళాంతో ఎలా వేగుతున్నాడో పాపం అన్నట్టు ఉండేది ఆ చూపు. ఆ జాలి నాకు కావలసిందే. పెళ్ళాం నోటికి జడిసే మెకానిక్కు దగ్గరికి బండ్లు వస్తాయి. చెవులు వినబడని మెకానిక్కు దగ్గరికి రావు.

మాది చెరిసగం షెడ్డు. వెనక సగం ఆయనది. బండి కింద దిగి పనిచేసుకోవడానికి తవ్విన గొయ్యి, జాకీలు, గోడకు వరసగా తగిలించిన పానాలు. ముందు సగం నాది. కార్ల సీట్లకు కవర్లు కుడతాను. రెక్సిన్ చుట్టలు, ఫోము ముక్కలు, ఒక పెద్ద మిషను, దాని మీద ఎప్పుడూ పరుచుకుని ఉండే దారాలు. పెళ్ళయిన కొత్తలో ఆయన ఏదో ఒక కారు కింద పడుకుని ఉండేవాడు, నేను మిషను తొక్కుతూ ఉండేదాన్ని. "ఏమ్మే, కింద దారం అయిపోయినాది చూసుకో" అని ఆ కారు కింద నుంచే అరిచేవాడు. తీసి చూస్తే నిజంగానే బాబినులో దారం ఉండేది కాదు. పై దారం ఒక్కటే ఊరికే పోతూ ఉండేది. నాకు ఒళ్ళు మండేది. నా మిషను చప్పుడులో తేడా నాకంటే ముందు ఆయనకు తెలియడం ఏమిటని ఆ పూటంతా మాట్లాడేదాన్ని కాదు.

ఇక బండ్ల సంగతి చెప్పాలా. ఇంజను నడుస్తుండగా పొడుగాటి స్క్రూడ్రైవరు మొనను దాని మీద పెట్టి, పిడిని చెవికి ఆనించుకుని కళ్ళు మూసుకునేవాడు. చర్చిలో ప్రార్థన చేసేటప్పుడు కూడా ఆ మనిషి అంత గట్టిగా కళ్ళు మూసుకోవడం నేను చూడలేదు. మొన జరుపుతూ, మళ్ళీ వింటూ, చివరికి కళ్ళు తెరిచి "బేరింగు తినేసినాది" అనేవాడు. విప్పితే అదే అయ్యేది. అంతకు మించి ఆయనకు వేరే గొప్పలు లేవు. మాటకారి కాదు, లెక్కలు రావు, కొత్త మనుషులతో కలవడం చేతకాదు. ఆ చెవులే ఆయన ఆస్తి.

అవి ఎప్పటి నుంచి తగ్గుతూ వచ్చాయో ఆయన నాకు చెప్పలేదు. నేను కనిపెట్టింది చర్చిలో. మగవాళ్ళు ఒక పక్క, ఆడవాళ్ళు ఒక పక్క కూర్చుంటాం. మా ఆయనది మంచి గొంతు, పాట ఎత్తుకునేవాళ్ళలో ఆయన ఒకడు. ఆ ఆదివారం పాట అయిపోయింది, అందరం ఆగిపోయాం. ఆయన ఒక్కడే కళ్ళు మూసుకుని, నిండు గొంతుతో ఇంకో చరణం మొదలుపెట్టాడు. ఆడవాళ్ళ వైపు నుంచి ముసిముసి నవ్వులు వినబడ్డాయి. పాస్టరుగారు మంచి మనసున్నవాడు. తానూ గొంతు కలిపి ఆ చరణం అందుకున్నాడు, దాంతో సంఘమంతా పాడింది. ఇంటికొచ్చాక నేను ఊరుకోలేదు. అన్నం వడ్డిస్తూ, "నీకొక్కడికే దేవుడు ఇంకో చరణం పంపించినాడా ఏంది" అని ఆటపట్టించాను. ఆయన నవ్వలేదు, కసరలేదు. కంచంలో చేయి కడిగేసుకుని లేచిపోయాడు. పాట ఆగిన సంగతి ఆయనకు వినబడలేదని నాకు అప్పుడు తెలిసింది.

నెల్లూరులో చెవుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాను. ఒక చిన్న గదిలో కూర్చోబెట్టి, చప్పుడు వినబడినప్పుడల్లా చెయ్యెత్తమని చెప్పింది. నేను బయట నిలబడి అద్దంలో నుంచి చూస్తున్నాను. మొదట్లో చెయ్యి బాగానే లేచింది. తరువాత ఒళ్ళోనే ఉండిపోయింది. డాక్టరమ్మ మీటలు తిప్పుతూనే ఉంది, ఆయన ఎదురు గోడను చూస్తూనే ఉన్నాడు. ఆ చెయ్యి లేస్తే బాగుండునని నేను అద్దానికి అతుక్కుపోయాను. నాకు చేతనైతే లోపలికి పోయి ఎత్తేదాన్నే.

"ఏళ్ళ తరబడి సుత్తి దెబ్బలు, కంప్రెసరు మోతలు విన్నారు కదమ్మా, లోపలి నరం దెబ్బతినింది. సన్నటి చప్పుళ్ళు ముందు పోతాయి. పోయినవి తిరిగి రావు" అని ఆమె మెల్లగా చెప్పింది. ఆయనకు చెప్పమని నా వైపు చూసింది. నేను చెప్పలేదు. ఆయన అప్పటికే నా ముఖం చదువుకుని చొక్కా గుండీలు సరిచేసుకుంటున్నాడు.

చెవిలో పెట్టుకునే మిషను ఇచ్చారు. ఇంట్లో మాటలకు కొంత పనికొచ్చింది. షెడ్డులో మాత్రం అన్ని చప్పుళ్ళూ కలిపి ఒకే గంపలో వేసి నెత్తిన కుమ్మరించినట్టు ఉంటుందట. "మనుషుల మాట కొంచెం తెలస్తా ఉండాది. బండి మాట తెలవడం లా" అన్నాడు. పైగా గోతిలో దిగితే చెమట, కారే ఆయిలు. అందుకని తీసి చొక్కా జేబులో వేసుకునేవాడు. జేబులో పడిన ఆ మిషను సన్నగా కూత పెడుతూ ఉండేది. ఆయనకు వినబడదు, నాకు వినబడుతుంది. చేస్తున్న కుట్టు ఆపి, లేచిపోయి, జేబులో చెయ్యి పెట్టి దాన్ని ఆపి వచ్చేదాన్ని. ఎవరైనా చూస్తే పెళ్ళాం జేబులు తడుముతోందనుకునేవాళ్ళు.

"ఎవురికీ చెప్పబాక" అన్నాడు నాతో. "చూసి చేసే పని ఎవుడైనా చేస్తాడు. నా కాడికి వినడానికి వస్తా ఉండారు. చెవులు పోయినాయని తెలిస్తే ఇంక నేనేంది, ఈ షెడ్డేంది."

అందుకని నేను గయ్యాళినయ్యాను. బండి తెచ్చినవాళ్ళు చెప్పేది ముందు నేను వినేదాన్ని, తరువాత దాన్ని తిట్టులాగా మార్చి ఆయన మీద విసిరేదాన్ని. నా పెదవులు కనబడే చోటుకు కుట్టు మిషను జరుపుకున్నాను. బండి రోడ్డు మీద మలుపు తిరిగితే దారపు కండె విసిరి ఆయన కాళ్ళ దగ్గర పడేసేదాన్ని, తలెత్తి చూసేవాడు. అలా చాలాకాలం లాక్కొచ్చాం. వినాల్సిన పని వస్తే ఏదో ఒక సాకు చెప్పి తప్పించేసేవాడు. ఆ సాకులు చెప్పేటప్పుడు ఆయన ముఖం చూడలేక నేను మిషను గట్టిగా తొక్కేదాన్ని.

అలాంటి రోజుల్లో ఒక పొద్దున, నేను ఇంకా మిషను మీద గుడ్డ కూడా తీయలేదు. ఆయన గోడవైపు తిరిగి పానాలు తుడుస్తున్నాడు. ఉన్నట్టుండి తలెత్తాడు.

"ఏదో బండి వస్తా ఉండాది" అన్నాడు.

నేను కండె విసరలేదు, సైగ చేయలేదు. అసలు నా చెయ్యి కదల్లేదు. ఆ మాట ఆయన నోట విని ఎన్నాళ్ళయిందో. బండి ఇంకా మలుపు దగ్గరే ఉంది. రోడ్డు మీద పొట్టిగా, నున్నగా, ఎర్రటి కారు ఒకటి వస్తోంది. చూస్తే సోకు కారు, గొంతు మాత్రం వరికోత మిషనుది. టీ కొట్టు దగ్గర కూర్చున్నవాళ్ళంతా తిరిగి చూస్తున్నారు. మా ఆయన రోడ్డు మీదికి వచ్చి నిలబడ్డాడు.

"సైలెన్సరు రెక్క తెరుచుకునిపోయి ఉండాది" అన్నాడు, బండి ఆగకముందే. ఆయన ముఖం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. పెళ్ళినాటి ముఖం అది.

ఆ బండి తెచ్చినాయన రొయ్యల గుంటల ఆసామి. మా ఇద్దరికంటే చిన్నవాడు, అన్నా అక్కా అని నోరారా పిలుస్తాడు. ముచ్చటపడి ఆ విదేశీ కారును చెన్నైలో ఎవరో వాడి అమ్మేస్తుంటే కొనుక్కొచ్చాడు. "ఇంట్లో వాళ్ళు ఎక్కమంటే ఎక్కడం లేదన్నా. పెళ్ళికి పోతే బాజాల కంటే ముందు నా బండి వినబడతా ఉండాది" అని వాపోయాడు.

ఇలాంటి కార్లకు సైలెన్సరు గొట్టంలో ఒక రెక్క ఉంటుంది. నిదానంగా పోయేటప్పుడు అది మూసుకుని మోతను మింగేస్తుంది, వేగం అందుకున్నప్పుడు తెరుచుకుంటుంది. దాన్ని తిప్పడానికి గొట్టం మీద అరచేతిలో పట్టేంత మోటరు ఒకటి బిగించి ఉంటుంది. యాక్చువేటర్ అంటారు. మా షెడ్డులో మాత్రం సైలెన్సరు మోటరే. ఆ మోటరు తుప్పు పట్టి చచ్చిపోయింది, రెక్క తెరిచిన చోటే ఉండిపోయింది. కొత్తది చెన్నై నుంచి రావాలి. "వచ్చేదాకా బండి ఈడే ఉండనీ అన్నా" అన్నాడు మా ఆయన; బండి తెచ్చినవాడు చిన్నవాడైనా ఆయనకు అన్నే. ఉంచాల్సిన అవసరమేమీ లేదు. ఆసామి నమ్మకంగా తాళం ఇచ్చిపోయాడు.

ఆ కారు మా షెడ్డులో ఉన్నన్ని రోజులూ ఆయన దాన్ని వింటూనే ఉన్నాడు. పొద్దున రాగానే స్టార్ట్ చేసేవాడు, అన్నం తిన్నాక మళ్ళీ చేసేవాడు. అడిగితే "బ్యాటరీ దిగిపోతాది" అని సాకు. నన్ను లోపల కూర్చోబెట్టి యాక్సిలరేటరు తొక్కమనేవాడు. తాను వెనక గొట్టం దగ్గర చేతులు కట్టుకుని, కళ్ళు మూసుకుని నిలబడేవాడు. టీ కొట్టువాళ్ళు చెవుల్లో వేళ్ళు పెట్టుకుని నన్ను తిట్టేవాళ్ళు. "సిలిండర్లు విడివిడిగా తెలస్తా ఉండాయి" అని ఒకరోజు నాతో చెప్పాడు. పండు దొరికిన పిల్లాడిలాగా చెప్పాడు. ఆ కొత్త మోటరు దారిలో ఎక్కడైనా పోతే బాగుండునని నేను లోపల లోపల కోరుకున్నాను. ఆ బండిని బాగుచేయడమంటే ఆయనకు వినబడే ఒకే ఒక్క బండి నోరు మూయడమే.

మోటరు పోలేదు, చక్కగా అట్టపెట్టెలో వచ్చింది.

ఆ రోజు ఆసామి కూడా వచ్చి కూర్చున్నాడు. గొట్టం చల్లారేదాకా ఆగి ఆయన గోతిలో దిగాడు, నేను పైన మోకాళ్ళ మీద కూర్చుని లైటు పట్టుకున్నాను. నట్లు తుప్పుతో కరుచుకుని ఉన్నాయి. స్ప్రే కొట్టి, కాసేపు నానబెట్టి, విరగకుండా కొంచెం కొంచెంగా ఊడదీశాడు. వైరు ప్లగ్గు పీకి పాత మోటరును పక్కన పెట్టాడు. దాని కింద రెక్కను తిప్పే ఇరుసు ఉంటుంది. పట్టకారుతో దాన్ని తిప్పి చూశాడు. బిగుసుగా ఉంది. వైరు బ్రష్షుతో రుద్ది, స్ప్రే కొట్టి, అటూ ఇటూ తిప్పి తిప్పి వదులు చేశాడు. "చేతికి బాగానే తిరగతా ఉండాది" అన్నాడు. కొత్త మోటరు స్ప్రింగును ఇరుసు గాడిలో కూర్చోబెట్టి, నట్లు బిగించి, ప్లగ్గు పెట్టాడు. అంతవరకూ కళ్ళతో, వేళ్ళతో చేసే పనే. ఆయన వేళ్ళకు ఇప్పటికీ తిరుగులేదు.

ఆ తరువాతదే వినాల్సిన పని. బండి తాళం తిప్పగానే ఆ మోటరు రెక్కను ఒకసారి మూసి తెరిచి, తనను తాను సరిచూసుకుంటుంది. అప్పుడొక సన్నటి చప్పుడు వస్తుంది. ఇరుసు ఎక్కడన్నా పట్టేస్తుంటే ఆ చప్పుడులో మూలుగు కలుస్తుంది. మూలిగే మోటరు ఎక్కువ కాలం బతకదు. పని మొదలుపెట్టకముందే ఇదంతా ఆయన నాకు వివరంగా చెప్పి ఉన్నాడు. ఎన్నడూ లేనిది నాకెందుకు చెబుతున్నాడో అప్పుడు నేను ఆలోచించలేదు.

ఆసామి తాళం తిప్పాడు. గోతిలో నుంచి మా ఆయన మోటరు వంక చూడలేదు, నా ముఖం వంక చూశాడు. నాకు చప్పుడైతే వినబడింది. జుయ్యిమని లేచి, చివర్లో కొంచెం సాగింది. అలా సాగడం సహజమో, అదే మూలుగో నాకేం తెలుసు. బతికున్న మోటరు చప్పుడు నేను అంతకుముందు వినలేదు. ఇంతలో ఇంజను స్టార్ట్ అయింది. అంత మోత పెట్టిన బండి మెత్తగా, ఒద్దికగా నడుస్తోంది. నాకు హాయిగా అనిపించి నవ్వాను. ఆ నవ్వు చూసి ఆయన "ఆఁ, బాగుండాది" అన్నాడు.

పైకి వచ్చి, చేతులు తుడుచుకుని, ఆసామితో "ఇంక స్టార్ట్ చెయ్యన్నా, చూద్దాం" అన్నాడు.

బండి నడుస్తూనే ఉంది. ఆసామి నా వైపు చూశాడు. "అంత మెత్తగా ఉండాదని తమాషా చేస్తా ఉండాడు తమ్ముడూ" అనేశాను. ఆసామి పగలబడి నవ్వాడు. మేము నవ్వుతున్నామని మా ఆయన కూడా నవ్వాడు. నవ్వుతూనే బానెట్ మీద చెయ్యి వేశాడు. చేతి కింద ఇంజను వణుకు తెలిసింది కాబోలు, ఆ నవ్వు అలాగే ఉండి, కళ్ళు మాత్రం మారిపోయాయి. కారు రోడ్డెక్కి కనుమరుగయ్యేదాకా చూసి, మాట్లాడకుండా గోతిలో దిగి పానాలు ఏరుకున్నాడు.

కొన్ని వారాలు గడిచాయి. మళ్ళీ ఒక పొద్దున ఆయన తలెత్తాడు. ఈసారి రోడ్డు మీదికి రాలేదు.

"ఆ బండే. నేను చేసిందే" అన్నాడు.

ఆసామి కోప్పడలేదు. చెన్నైవాళ్ళు పాడైన మోటరు అంటగట్టి ఉంటారని వాళ్ళనే నాలుగు తిట్టాడు. ఇంకోటి తెప్పించమని, అది వచ్చేదాకా బండి ఉంచుకోమని చెప్పి బస్సెక్కిపోయాడు. మా ఆయన కారును ఒక్కసారి కూడా స్టార్ట్ చేయలేదు. ఆ మధ్యాహ్నం క్యారేజి తెరవలేదు. రాత్రికీ అంతే. మర్నాడు షెడ్డుకు వచ్చి గోతి అంచున కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్నాడు.

"ఇరుసు పట్టేసి ఉంటాది. మోటరు ఆ పొద్దే మూలిగి ఉంటాది. వినుంటే అప్పుడే విప్పి సరిచేసి ఉందును" అన్నాడు. గోతిలోకి చూస్తూ, "షెడ్డు ఎత్తేద్దాం" అన్నాడు.

నేను లేచి పోయి మిషను మీద చిక్కుపడ్డ దారాలు విడదీస్తూ కూర్చున్నాను.

ఆ వారంలోనే ఆసామి జీపుకు సీట్ల కొలతలు తీసుకోవడానికి నేను వాళ్ళ గుంటల దగ్గరికి పోయాను. గట్టు మీద జీపు పెట్టి ఉంది. వాళ్ళ డ్రైవరు గుంటల బోరు పైపు పట్టుకుని దాన్ని కడుగుతున్నాడు. ఊరికే పైపైన కడగడం కాదు, వంగి, కింద, చక్రాల వెనక, గొట్టాల మీద, సందుసందుల్లోకి నీళ్ళు కొడుతున్నాడు. ఆసామి గర్వంగా చెప్పాడు. "సముద్రపు గాలి గదక్కా, ఇనుమును తినేస్తాది. అందుకని రోజూ కింద కూడా కడిగిస్తా ఉండా. ఆ ఎర్ర కారుకైతే రెండు పూటలా."

నేను టేపు పక్కన పెట్టి పైపు కింద చెయ్యి పెట్టాను. ఆ తడి వేలు నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పు. రొయ్యలకు కావలసింది ఉప్పు నీళ్ళు, ఆ బోరు ఇచ్చేదీ ఉప్పు నీళ్ళే.

"ఉప్పు వదలడానికి ఉప్పు నీళ్ళతో కడుగుతా ఉండారా తమ్ముడూ" అన్నాను.

ఆసామి నా వేలు వంక, పైపు వంక చూశాడు. "మేము ఎప్పుడూ ఇట్నే కడుగుతాం గదక్కా. గుంటల కాడ నీళ్ళంటే ఇయ్యే" అన్నాడు. ఆ మాట అంటూ అంటూ తలమీద చెయ్యి పెట్టుకున్నాడు. బిడ్డకు స్నానం చేయించినంత శ్రద్ధగా ఇన్నాళ్ళూ ఆ బండిని ఉప్పుకు తినబెడుతున్నది తామేనని ఆసామికి అప్పుడు తెలిసింది. నేను జీపు కొలతలు తీసుకోలేదు. తాగే నీళ్ళ సీసా పారబోసి, ఆ బోరు నీళ్ళు పట్టుకుని ఆటో ఎక్కాను.

దారి పొడుగునా నాకు కాలు నిలవలేదు. ఆటోవాడిని తొందరపెట్టాను. షెడ్డులో ఆయన అలాగే గోతి అంచున ఉన్నాడు. సీసా మూత తీసి చేతికిచ్చాను. మంచినీళ్ళనుకుని తాగబోయి ఉమ్మేశాడు. "ఈ నీళ్ళతో కడుగుతా ఉండారు ఆ బండిని, రెండు పూటలా. నువ్వు చేసింది కాదయ్యా. ఉప్పు చేసింది" అని ఆయన ముఖానికి ఎదురుగా కూర్చుని, ఒక్కో మాట విడదీసి చెప్పాను. ఆయన మళ్ళీ చెప్పమన్నాడు. మళ్ళీ చెప్పాను. నాకైతే పండగలాగా ఉంది.

ఆయన సీసాను చేతిలో తిప్పి చూసి కింద పెట్టాడు.

"కావచ్చు. ఉప్పే తినేసి ఉండచ్చు" అన్నాడు. "అయితే ఆ పొద్దు నాకు వినబడలా. బాగుండాదని నేను చెప్పింది నీ మొఖం చూసి. నువ్వు నవ్వినావు గదా, అందుకని చెప్పినా."

తప్పు ఎవరిదన్నది నా గొడవ. ఆయన గొడవ అది కాదని నాకు అప్పుడు అర్థమైంది. ఉప్పు నీళ్ళ సంగతి తెలిసినా ఆయన చెవులు వెనక్కి రావు.

రెండో మోటరు వచ్చింది. ఈసారి ఇరుసును ఇంకా శ్రద్ధగా రుద్ది, గ్రీసు పెట్టి, మోటరు బిగించాడు. తరువాత తాను పైకి వచ్చి నన్ను గోతిలో దిగమన్నాడు. చీర ఎత్తి కట్టుకుని దిగాను. ఆయనా వెనకే దిగాడు. స్క్రూడ్రైవరు మొనను మోటరు మీద పెట్టి పిడిని నా చెవికి ఆనించాడు. ఆసామి పైన తాళం తిప్పాడు. నేను ఆయనలాగే కళ్ళు మూసుకున్నాను. పిడిలో నుంచి చప్పుడు నా తలలోకి దూరింది.

"ఏమంటా ఉండాది?"

"జుయ్యిమంటా ఉండాది."

"సన్నంగానా, బరువుగానా? చివర్లో ఈడుస్తా ఉండాదా?"

ఈడవడం అంటే ఏమిటో నాకు తెలియదు. వినబడేది నాకు, తెలిసేది ఆయనకు. మాటల్లో చెప్పలేక, నోటితో ఆ చప్పుడు చేసి చూపించాను. ఆయన నా పెదవుల వంక చూశాడు, చాలలేదు. చెయ్యెత్తి, గ్రీసు వేళ్ళు నా గొంతు మీద పెట్టాడు. "ఇంకోసారి చెయ్యి" అన్నాడు. చేశాను. ఆసామి పైన తాళం తిప్పుతున్నాడు, నేను విని గొంతుతో చేస్తున్నాను, ఆయన కళ్ళు మూసుకుని వేళ్ళతో వెతుకుతున్నాడు. ఇంకోసారి అన్నాడు. ఇంకోసారి అన్నాడు. నా గొంతు వణకడం మొదలుపెట్టింది. అది మోటరు వణుకు కాదని ఆయనకు తెలిసిపోయింది. వేళ్ళు తీసేశాడు.

పైకి వచ్చి ఆసామి ఎదురుగా నిలబడ్డాడు. "అన్నా, మోటరు బిగించినాను. సరిగా తిరగతా ఉండాదో లేదో నేను చెప్పలేను. నాకు చెవులు పోయినాయి. చెన్నైలో ఒకసారి చూపించుకో" అన్నాడు.

అంతవరకూ నాతో తప్ప ఆ మాట ఆయన ఎవరితోనూ అనలేదు. ఆసామి మా ఆయన చెయ్యి రెండు చేతులతో పట్టుకుని వదిలి, కారు తీసుకుని మెల్లగా పోయాడు. బండి నిశ్శబ్దంగా పోయింది. మా ఆయన దాని వంక చూస్తున్నాడే గానీ, అది వెళ్ళిపోయిన సంగతి ఆయనకు కళ్ళు చెప్పాల్సిందే.

షెడ్డు ఎత్తేయలేదు. సాయంత్రానికే ఊరంతా తెలిసింది, నేను అరవాల్సిన పని తప్పింది. ఇప్పుడు చూసి చేసే పనులే చేస్తాడు. పంక్చర్లు, ఆయిలు మార్చడం, బ్రేకు ప్యాడ్లు. ఖాళీగా ఉన్నప్పుడు నా దగ్గర కూర్చుని రెక్సిన్ కత్తిరిస్తాడు, నాకంటే తిన్నగా. పాత గిరాకీలు కొందరు ఇప్పటికీ అలవాటు కొద్దీ ఇంజను నడుపుతూ వచ్చి, "అన్నా, ఇది కొంచెం విను" అంటారు. అనేశాక నాలుక కరుచుకుంటారు.

పోయిన వారం నాయుడుపేట నుంచి ఒక పెద్దాయన అలాగే వచ్చాడు. ఎన్నో ఏళ్ళ కిందట తన బండిని మా ఆయన విని బాగుచేశాడట, ఆ నమ్మకంతో అంత దూరం నుంచి నడుపుకుంటూ వచ్చాడు. మా ఆయన ఇంజను వంక మర్యాదగా చూసి, తన చెవి మీద చెయ్యి పెట్టి, తల అడ్డంగా ఊపాడు. పెద్దాయన నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. మా ఆయన తిరిగి వచ్చి నా పక్కన, నాకు వీపు పెట్టి కూర్చుని కత్తెర తీసుకున్నాడు.

నాకు ఆగలేదు. మిషను ఆపి ఏడ్చాను. కొంగు నోట్లో కుక్కుకోలేదు, గొంతు దాచుకోలేదు. టీ కొట్టువాళ్ళు కూడా తిరిగి చూసేంత గట్టిగా ఏడ్చాను. చెయ్యి చాపితే అందేంత దూరంలో ఆయన సుద్ద గీత తప్పకుండా, నిదానంగా కత్తిరిస్తూనే ఉన్నాడు. ఏడుపు దానంతట అది ఆగాక ముఖం తుడుచుకున్నాను. ఆయన ఇటు తిరిగి ఆ ముక్క నా ముందు పరిచి, కొలత సరిపోయిందా అని అడిగాడు. సరిపోయిందని తల ఊపాను.